ట్యాబుకు నీలినాలుక

గొర్రెలను లెక్కపెట్టడానికి మనిషి కళ్ళు పనికిరావని జీవాభివృద్ధి శాఖవారికి తెలిసొచ్చిన ఏడాది, గొంగళ్ళపల్లి బీరయ్యకు ఒక ట్యాబు ఇచ్చారు. ఊళ్ళో గొర్రెలు మేపేవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ మొదటి విడతలో ఊరికొక్కటే అన్నారు. బీరయ్య గొర్రెల సొసైటీకి అధ్యక్షుడు. కాబట్టి ఆ అదృష్టం వెతుక్కుంటూ వచ్చి ఆయన నెత్తినే కూర్చుంది.

పథకం వినడానికి తేలికే. పొద్దుగూకి మంద దొడ్డికి చేరాక ట్యాబును దాని ముందు పట్టుకోవాలి. ట్యాబు కన్ను గొర్రెలన్నిటినీ చూస్తుంది, లెక్కపెడుతుంది, ఆ లెక్క పైకి పంపుతుంది. పైవాళ్ళకు ఎన్ని కనిపిస్తే అన్నిటికి, వానలు పడకముందే, మూతివాపు సూదిమందు కిందికి దిగుతుంది.

మూతివాపు అంటే గొర్రెలకు వచ్చే పాడురోగం. ఒళ్ళు కాలిపోతుంది, మూతి ఉబ్బుతుంది, నాలుక నీలంగా మారుతుంది, మేత ముట్టదు. ఆఫీసులో దాన్ని నీలినాలుక అంటారు. ఏ పేరు పెట్టి పిలిచినా, మందలో జొరబడిందంటే సగం మంద ఖాళీ. రెండేళ్ళ కిందట వచ్చినప్పుడు, బీరయ్య భార్య ఎల్లవ్వ చేత్తో పాలు తాగించి పెంచుకున్న పొట్టేలు ఆమె ఒళ్ళోనే తల పెట్టి పోయింది. అప్పటినుంచీ ఆకాశంలో మొదటి మబ్బు కనపడితే చాలు, ఎల్లవ్వ దొడ్డిలోకి పోయి ఒక్కొక్క గొర్రె మూతీ తడిమి చూసేది.

ట్యాబు ఇచ్చిన రోజు మండలాఫీసు ముందు షామియానా వేశారు. జిల్లాలో ఆ శాఖకు పెద్ద విశ్వంభరం గారు. అందరూ జేడీ గారంటారు. ఆయన మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు.

“సోదర పశుపోషకులారా! నేటినుండి గొర్రె కేవలము గొర్రె కాదు. గొర్రె ఒక సమాచారము!”

చప్పట్లు పడ్డాయి. గొర్రె మీద ఇంకేదో పన్ను పడిందనుకుని వెనక వరసలో ఒకాయన లేచి వెళ్ళిపోయాడు.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. శాఖలో ట్యాబులు కొనడానికి పద్దు లేదు. ‘జీవాల కొనుగోలు’ అనే పద్దులో మిగిలిన డబ్బుతో కొన్నారు. ఆ పద్దు కింద కొన్నది ఏదైనా సరే జీవమే. జీవమైతే చెవికి ట్యాగు ఉండాలి, బీమా ఉండాలి, ఆరోగ్య కార్డు ఉండాలి. కనుక పశువుల డాక్టరు నరహరిని స్టేజీ మీదికి పిలిచి, చేతిలో ట్యాగులు కొట్టే పటకారు పెట్టారు.

“సార్, ఇది మిషను గదా,” అన్నాడు నరహరి మెల్లగా.

“డాక్టరు గారూ, పద్దు ఏమనుచున్నది?”

“జీవమంటున్నది సార్.”

“మరి మీరు పద్దు కన్న పెద్ద చదువు చదివితిరా? వ్రాయండి. జాతి, విదేశీ. రంగు, నలుపు.”

“ఆడనా మగనా సార్?”

జేడీ గారు కాసేపు కళ్ళు మూసుకున్నారు. “ఆడ అని వ్రాయండి. భవిష్యత్తులో సంతతి కలుగు అవకాశమును శాఖ తనంతట తాను మూసివేయరాదు.”

“పళ్ళు?”

“ఏడాది నిండలేదు కదా. పాలపళ్ళు.”

డాక్టరు రాశాడు. రాసేటప్పుడు ఆయన మెడ మీద నరం ఒకటి కదిలింది. అది బీరయ్య ఒక్కడే చూశాడు. తర్వాత ట్యాబుకు చెవి ఏదని వెతికారు. జీవానికి చెవి పైమూలన ఉంటుంది కాబట్టి తొడుగు పైమూలన పటకారు పెట్టి నొక్కారు. బిస్కెట్టంత పసుపు ట్యాగు టక్కున బిగిసింది. సరిగ్గా అక్కడే ట్యాబుకు కన్ను ఉంది. ఇప్పుడది ట్యాగు కిందికి పోయింది.

“సారూ,” అన్నాడు బీరయ్య, “గీ ట్యాగు దాని కంటికి అడ్డమొచ్చింది గదా. గొర్లెట్ల కనవడ్తయి?”

“చెవి ఎచట నుండునో ట్యాగు అచటనే. కన్ను చెవి ప్రక్కకు వచ్చినందుకు శాఖ బాధ్యత వహించదు.”

“ఇంత పక్కకు ఏసుకుంట సారూ, నేనే.”

“ట్యాగు పెరుకుట బీమా మోసము. కేసగును.”

“పోనీ, మీది తొడుగు ఇప్పుకుంట.”

జేడీ గారి మొహం ఎర్రబడింది. “బ్రతికియున్న జీవము తోలు వొలుచుదువా? ఇంత మందను మేపినవాడివి, జాలి లేదటయ్యా?”

ఆ పూటే ఇంకో పని కూడా జరిగింది. బీరయ్య మందను డిజిటల్ మంద అన్నారు కాబట్టి, గొర్రెల చెవులకున్న పాత ట్యాగులన్నీ కత్తిరించేశారు. ఇకమీదట ట్యాబుకు కనపడిందే గొర్రె.

*

ఆ సాయంత్రం బీరయ్య ఇంటిముందు తిరునాళ్ళలా ఉంది. బీరయ్య ట్యాబు మీద వేలు పెట్టాడు. పలకలేదు. గట్టిగా పెట్టాడు. పలకలేదు. కర్ర పట్టీ పట్టీ, ఉన్ని నూనె పట్టీ, ఆయన వేలు తోలుచెప్పు అడుగులా తయారైంది. ఆ వేలును ట్యాబు మనిషి కింద లెక్క కట్టలేదు. ఎల్లవ్వ గరిటె కాడతో పొడిచింది. అప్పుడూ లేదు. ఇంతలో ఆమె కొంగు పట్టుకుని తిరిగే గొర్రెపిల్ల మూతి చాపి అద్దాన్ని ఒక్క నాకు నాకింది. ట్యాబు గణగణమని మేల్కొంది.

“చూసినవా?” అంది ఎల్లవ్వ. “దాని జాతోళ్ళు పిలిస్తేనే పలుకుతది.”

బీరయ్య ట్యాబును మందవైపు తిప్పాడు. దానికి పసుపు తప్ప మరేమీ కనపడలేదు. కొంచెంసేపు ఆలోచించి, తియ్యటి ఆడగొంతుతో చెప్పింది: “మీ మందలో జీవాలు సున్నా. ధన్యవాదాలు.”

“గొర్లన్నీ మింగి ధన్యవాదాలెందుకే నీకు?” అంది ఎల్లవ్వ.

పక్కింటి మల్లేశం గోడ మీది నుంచి తొంగి చూశాడు. వరసకు బావమరిది. “ఏం బావా, మందంత ఎప్పుడమ్మినవ్? మాతోని ఒక్క మాట చెప్పకపోతివి. సర్కారుకు చెప్పినవు గని.”

“నీకు రాలేదని కడుపుమంటరా నీకు,” అన్నాడు బీరయ్య. అన్నాడు గానీ, ట్యాబును చంకలో దాచుకున్నాడు.

రోజూ అదే సున్నా. దానికి తోడు ట్యాబుకు ఒక్కొక్క జబ్బూ మొదలైంది. సిగ్నలు కోసం బీరయ్య దాన్ని పట్టుకుని ఊరిబయట బండరాయి ఎక్కేవాడు. ఎండకు అది పెనంలా కాలేది. ఇంటికొస్తే చార్జరు పిన్ను దాని నోట్లో నిలిచేది కాదు. దొడ్డి దుమ్మంతా అందులో గడ్డకట్టింది. ఎల్లవ్వ చీపురుపుల్లతో గీకి, కింద పీట వేసి, పైన ఉప్పుడబ్బా బరువు పెడితే కాసింత కరెంటు ఎక్కేది. డబ్బా తీస్తే పడిపోయేది. కూరలో ఉప్పు కావాలంటే ట్యాబును పస్తు పెట్టాలి. కొన్నాళ్ళకు దాని వీపు ఉబ్బి, తొడుగులోంచి పైకి లేచింది.

ఇంతలో మిగతా ఊరికి పాత పద్ధతిలోనే సూదులు పడ్డాయి. వచ్చిన మందు వాళ్ళకే చాలలేదు. మల్లేశం గొర్రెలు సూదులు వేయించుకుని అరుచుకుంటూ వెళుతుంటే, ఎల్లవ్వ గుమ్మంలో నిలబడి ఆకాశం చూసింది. పడమర మబ్బు పట్టింది.

“ఏందయ్యా, గట్ల కూసున్నవ్? ఆ సహాయం నంబరుకన్న ఫోను గొట్టు. దాన్ని బాగు చేస్తెనన్న మన గొర్లు కనవడ్తయేమో.”

బీరయ్య ఫోను కొట్టాడు.

“జీవ సంజీవని సహాయ కేంద్రానికి స్వాగతం,” అంది అవతల ఒక ఆడపిల్ల. “మీ జీవానికి ఏమైందండీ?”

“ట్యాబమ్మా. మంచిగ లేదు.”

“ట్యాబా… ఆ, ఉందండీ, విదేశీ జాతి. మేత తింటోందా?”

“కరెంటు తింటది బిడ్డా. నిన్నటి సంది అదీ ముడ్తలేదు.”

“ఒళ్ళు వేడిగా ఉందా?”

“రొట్టె కాల్చొచ్చు.”

“పొట్ట ఉబ్బిందా?”

“పొట్ట గాదు, ఈపు.”

“నెమరు వేస్తోందా?”

బీరయ్య ట్యాబు వంక పరీక్షగా చూశాడు. “నడిమిట్ల ఒక సున్నా గిరగిర తిరుగుతుంటది. గదే నెమరేమో మరి.”

“పేడ?”

“ఇంకా ఎయ్యలే.”

ఆ పిల్ల టకటకా ఏదో కొట్టింది. “సరేనండీ. జీవాన్ని ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టండి. పక్కనున్న బటన్ గట్టిగా నొక్కి పట్టుకోండి. చచ్చిపోతుంది. మళ్ళీ నొక్కండి. బతుకుతుంది.”

“గీ సౌలతు గొర్లకు గూడ ఉన్నదా బిడ్డా?”

“ప్రస్తుతానికి ట్యాబు జాతికి మాత్రమేనండీ.”

బీరయ్య నొక్కాడు. చచ్చిపోయింది. మళ్ళీ నొక్కాడు. బతికింది గానీ, మొహమంతా ఒకటే నీలం. అక్షరం లేదు, బొమ్మ లేదు, తిరిగే సున్నా లేదు.

“నీలంగ అయింది తల్లీ.”

అవతల గొంతు మారిపోయింది. ఒళ్ళు వేడి, మేత మానడం, వాపు, నీలం. ఆ పిల్ల ముందున్న కంప్యూటరు నాలుగూ కలిపి కూడి, ఎర్రక్షరాలతో రోగం పేరు పెట్టేసింది.

“బాబాయ్ గారూ, దాన్ని ఎవరూ ముట్టుకోకండి. దూరం జరగండి. మా వాళ్ళు బయలుదేరుతున్నారు.”

*

జీపులు వచ్చాయి. ఇంటి చుట్టూ సున్నంతో గీత గీశారు. మూతికి గుడ్డలు కట్టుకుని జేడీ గారూ, మందులపెట్టె పట్టుకుని డాక్టరు నరహరీ లోపలికొచ్చారు. ట్యాబు పీట మీద నీలంగా వెలుగుతోంది. పక్కనే గొర్రెపిల్ల.

“మండలములో మొదటి కేసు,” అన్నారు జేడీ గారు. ఆయన గొంతులో భయం కన్నా గర్వమే ఎక్కువ వినిపించింది. “డాక్టరు గారూ, ఉష్ణోగ్రత చూడండి.”

నరహరి థర్మామీటరు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. “ఎక్కడ పెట్టాలె సార్?”

“సాధారణముగా ఎచట పెట్టుదురో అచటనే.”

నరహరి ట్యాబును అటూ ఇటూ తిప్పి, చివరికి చార్జరు పెట్టే కంతలో పెట్టాడు. పెట్టి, నెమ్మదిగా అన్నాడు: “సార్, దీని బ్యాటరీ ఉబ్బింది. టౌనుల సెల్‌ఫోన్ల దుకాణానికి తీస్కపోతే మారుస్తడు. ఎండల వెట్టొద్దు, దుమ్ము వడనియ్యొద్దు, గంతే. రోగం లేదు, పాడు లేదు.”

“బ్యాటరీ అను అవయవము జీవములలో ఉన్నట్లు మీ పుస్తకములో ఉన్నదా?”

“లేదు సార్.”

“మరి?” అని జేడీ గారు ఎల్లవ్వవైపు తిరిగారు. “అమ్మా, ఈ జీవముతో ఇతర జీవములకేమైనా సంపర్కము కలిగెనా?”

ఎల్లవ్వకు సగమే అర్థమైంది. “మా పిల్ల నాకింది సారూ. ఈయన ఏలు వెడితె పలుకకపాయె, అది నాకితె పలికె. అప్పటి సంది పొద్దుకొక్కసారి నాకిపిస్తున్నం.”

“నోటి ద్వారా సంపర్కము,” అని జేడీ గారు రాయించారు.

బీరయ్యకు ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది. “అయితే సారూ, పిల్లకు సూది ఎయ్యాలె గదా! పిల్ల మందల తిరిగింది, మందకంత ఎయ్యాలె గదా!”

జేడీ గారు ఫైలు తిప్పారు. “నీ మందలో జీవములు సున్నా.”

“గదిగో సారూ! మీ ఫైలు దారం నములుతున్నది జూడుండ్రి!”

గొర్రెపిల్ల నిజంగానే ఫైలుకు కట్టిన దారం కొస నోట్లో పెట్టుకుని లాగుతోంది. జేడీ గారు ఇటువైపునుంచి లాగారు. అది అటువైపునుంచి లాగింది. దారం తెగింది.

“లేని గొర్రెకు మందు ఇచ్చినచో ఆడిటు నన్ను నమిలివేయును,” అన్నారాయన తెగిన దారం జేబులో పెట్టుకుంటూ. “అయినను శాఖ చేతులు ముడుచుకొని కూర్చొనదు. రోగము సోకిన తావున ట్యాగు గల ప్రతి జీవమునకు తక్షణము టీకా వేయవలెను. ఇచట ట్యాగు గలది ఒక్కటే.”

ఐసుపెట్టెలో మందుసీసా వచ్చింది. వంద గొర్రెలకు సరిపడే సీసా. అంతకన్నా చిన్నది తయారవదు. నరహరి మూత తీసి, సూదిలోకి ఒక్క గొర్రెకు పట్టే మందు ఎక్కించాడు. చర్మం కింద వెయ్యాలి. ట్యాబు తొడుగు కొస లేపి, అద్దానికీ తొడుగుకూ మధ్య సూది పెట్టి నొక్కాడు. జేడీ గారు పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారు. ట్యాబు ఒకసారి చిటపటమని, నీలం ఆరిపోయి, నల్లగా అయిపోయింది.

“నీలము తగ్గినది!” అన్నారు జేడీ గారు ఆనందంగా. “ఎంత త్వరగా గుణమిచ్చినదో చూచితిరా?”

“సార్, సీసాల మందు మిగిలింది. మూత తీసినంక రెండు గంటలే పనిచేస్తది.”

“నిబంధన ఏమి?”

“పారబొయ్యాలె సార్.”

“పారబోయండి. పారబోసినట్లు వ్రాయండి.” ఆయన జీపెక్కి, మూతికి కట్టిన గుడ్డ విప్పి, వెళ్ళిపోయారు.

జీపు లేపిన దుమ్ము సర్దుకుంది. నరహరి చేతిలో సీసా. దొడ్డిలో మంద. బీరయ్య అడగలేదు. అడిగితే ఆయన కాదనవలసి వస్తుందేమోనని భయం.

ఎల్లవ్వే అడిగింది. “యాడ పారబోస్తవు బిడ్డా?”

“పారబొయ్యమని ఉన్నదమ్మా. యాడ అనేది రాయలే.” నరహరి చొక్కా చేతులు పైకి మడిచాడు. “బీరన్నా, ఆ లేని గొర్లను ఒక్కొక్కదాన్ని పట్టుకో.”

బీరయ్య పట్టుకున్నాడు. ఎల్లవ్వ తోలింది. గోడ దూకి మల్లేశం కూడా వచ్చాడు, ఎవరూ పిలవకుండానే. ఒక్కొక్క గొర్రె చర్మం కింద కొంచెం కొంచెం పారబోసుకుంటూ పోయాడు డాక్టరు. సీసా అడుగంటేసరికి మందలో చివరి గొర్రెకూ సూది పడింది. అప్పుడు గోడకానుకుని కాగితం మీద రాశాడు: ‘మిగిలిన మందు దొడ్డిలో పారబోయడమైనది.’

“ఇది బయటపడ్డదంటే నా నౌకరీ పోతది బీరన్నా. లేని గొర్లకు సర్కారు మందు వెట్టిన అని కేసు గూడ వెడ్తరు.”

“ఎవలు చెప్తరు సారూ?” అన్నాడు బీరయ్య. “లేని గొర్లు చెప్తయా?”

*

వానలు పడ్డాయి. చుట్టుపక్కల ఊళ్ళలో మూతివాపు వచ్చింది. గొంగళ్ళపల్లిలోనూ, మందు అందని మందల్లో కొన్ని పోయాయి. బీరయ్య దొడ్డిలో ఒక్కటీ తుమ్మలేదు.

ఈ వార్త పైకి పోయింది. పైన దాని మీద పెద్ద ఆలోచన జరిగింది. బీరయ్య గొర్రెలకు మందు వెయ్యలేదు. ట్యాబుకు వేశారు. గొర్రెలు బాగున్నాయి. అంటే ఏమిటి? జేడీ గారు మళ్ళీ షామియానా వేయించారు. బీరయ్యకు శాలువా కప్పారు. ట్యాబుకు పూలదండ వేశారు.

“సోదర పశుపోషకులారా! నమోదు కాని గొర్రెలలో సైతము మరణములు సున్నా! ట్యాబుకు వేసిన టీకా గాలిలో ప్రయాణించి మందనంతటిని రక్షించునని మన జిల్లా ఋజువు చేసినది! ఇక గొర్రెను సూదితో గ్రుచ్చి హింసింపనక్కరలేదు. వచ్చే ఏడు అందరికీ ట్యాబులు. ట్యాబుకొక్క డోసు. అందుకై ఒక్క డోసు పట్టునట్టి చిన్న సీసాలు చేయింపబోవుచున్నాము!”

అని, గోటంత గాజుసీసా ఒకటి పైకెత్తి చూపించారు. అది ఎండకు తళుక్కున మెరిసింది.

షామియానా కింద ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మల్లేశం మొహం సున్నం కొట్టినట్టయింది. ఎల్లవ్వ కొంగు నోట్లో పెట్టుకుంది. స్టేజీ మీద కుర్చీలో నరహరి తలొంచుకుని తన చెప్పులు చూసుకుంటున్నాడు.

“బీరయ్యా, నీ అనుభవము రెండు ముక్కల్లో చెప్పుము,” అని మైకు ఇచ్చారు.

బీరయ్య మైకు పట్టుకుని నిలబడ్డాడు. నిజం చెప్తే డాక్టరు రోడ్డున పడతాడు. చెప్పకపోతే వచ్చే వానలకు మండలంలో ఉన్న మందలన్నీ ఆ గోటంత సీసాలో మునిగిపోతాయి. ఆయన చిన్నప్పటినుంచీ నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆ రోజు ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టాడు.

“జేడీ సారు చెప్పింది ఒక్క మాట గూడ అబద్ధం గాదు. ట్యాబుకు సూది వడ్డది. మా మంద బతికింది. కానీ సారూ, ఆ పొద్దు మీరు జీపెక్కినంక ఒకటి జరిగింది.”

నరహరి తలెత్తాడు. ఆయన మెడ మీద నరం మళ్ళీ కదిలింది.

“డాక్టర్ సాబు నిబంధన ప్రకారమే సీసాల మందంత దొడ్డిల పారబోసిండు. కడాకరి చుక్క దాక. అది పారబోసినంకనే మందకు బలమొచ్చింది సారూ. నేను కండ్లార చూసిన. సీసా చిన్నగుంటె పారబోసుటానికి ఏం మిగుల్తది? పారబోతనే లేకపాయె, ఇగ మీ సూది గాలిల ఎట్ల పోతది? పెద్ద సీసానే తేవాలె. ట్యాబు ముందటనే మూత తియ్యాలె. మిగిలింది ఆ దొడ్డిలనే పొయ్యాలె. బయట పోస్తె గుణం రాదు.”

జేడీ గారు గడ్డం పట్టుకున్నారు. “డాక్టరు గారూ, పారబోతకును ఫలితమునకును సంబంధమున్నదా?”

“ఉన్నది సార్,” అన్నాడు నరహరి. “శాన దగ్గరి సంబంధం.”

“దొడ్డిలోనే పారబోయవలెనా?”

“దొడ్డిలనే సార్. గది ముఖ్యం.”

జేడీ గారు చిన్న సీసాను మెల్లగా జేబులో వేసుకున్నారు. దాని పక్కనే తెగిన దారం కూడా ఇంకా ఉందేమో, ఎవరు చూశారు. “వ్రాసికొనుడు,” అన్నారు గుమాస్తాతో. “శాస్త్రీయ పారబోత.”

ఇప్పుడు షామియానా ఎగిరిపోయేలా చప్పట్లు పడ్డాయి. అందరికన్నా గట్టిగా మల్లేశం కొట్టాడు.

ఆ మరుసటి ఏడు ప్రతి ఇంటికీ ట్యాబు వచ్చింది. కంటికి అడ్డంగా పసుపు ట్యాగు కొట్టారు. ట్యాబుకొక్క పెద్ద సీసా ఇచ్చారు. శాస్త్రీయ పారబోతలో జిల్లా మొదటిది వచ్చి, జేడీ గారికి పెద్ద ఆఫీసులో పెద్ద కుర్చీ దొరికింది. డాక్టరు నరహరి మాత్రం వానల ముందు ఊరూరా తిరిగి, భుజం పడిపోయేదాకా పారబోసుకుంటూ ఉంటాడు.

శాఖ లెక్కల్లో గొంగళ్ళపల్లిలో ఇవాళ్టికీ గొర్రెలు లేవు. ఉన్న జీవాల్లోకి పాతది మాత్రం చక్కగా ఎదుగుతోంది. ఏడాది దాటింది కాబట్టి కార్డు మీద పాలపళ్ళు కొట్టేసి రెండు పళ్ళు అని రాశారు. అది నీలం ఆరిన రోజునుంచి మళ్ళీ వెలగలేదు. బీరయ్య దొడ్డి గోడ గూట్లో నల్లగా పడి ఉంటుంది. ఏటా వానలకు ముందు దాన్ని దించి, దుమ్ము తుడిచి, పీట మీద పెడతారు. డాక్టరు సూది ఎత్తగానే ఎల్లవ్వ దాని మీద చెయ్యి వేసి అంటుంది:

“ఒక్క పోటు ఓర్చుకో బిడ్డా. ఇంతమంది నీ పేరు మీద బతుకుతున్నరు.”